వంద దాకా చెప్తాడు, ఏడు ఇవ్వలేడు: యూకేజీ బాబుతో ఇంటి లెక్కల కేస్ స్టడీ

బాబు వయసు అయిదున్నర. యూకేజీ. వాళ్లమ్మానాన్నలు నా దగ్గరకు వచ్చింది కూడికల కోసం. "వంద దాకా గుక్క తిప్పుకోకుండా చెప్తాడు మేడం. చూడకుండా రాస్తాడు కూడా. ప్లస్ గుర్తు కనిపిస్తే చాలు, నోటికొచ్చిన నంబర్ చెప్పేస్తాడు" అని అమ్మ ఫిర్యాదు. స్కూల్లో ఐదు లోపు కూడికలు మొదలయ్యాయి. ఇంట్లో రోజూ సాయంత్రం వర్క్‌షీట్లు, చివర్లో ఏడుపు. నాన్నేమో ఫోన్‌లో ఒక లెక్కల యాప్ పెట్టారు. అందులో ఉన్న జవాబులన్నీ ఒక్కొక్కటిగా నొక్కుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట సరైనది తగిలి నక్షత్రాలు రాలతాయి. కాబట్టి యాప్ లెక్కలో మాత్రం పిల్లాడు ఫస్టు.

చిన్నపిల్లల తొలి గణితంలో నేను చేసే పని ఎక్కువగా ఇంటి ద్వారానే జరుగుతుంది. పిల్లాడితో నేను కూర్చునే సమయం తక్కువ. ఏం చేయాలో అమ్మానాన్నలకు చూపించడం, వాళ్లు చేసినది వినడం, దాన్నిబట్టి మార్చుకుంటూ పోవడం ఎక్కువ. ఈ కేసు అరుదైనదేమీ కాదు. నా దగ్గరకు వచ్చేవాళ్లలో ఇలాంటి పిల్లలే ఎక్కువ, అందుకే రాస్తున్నాను. కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

మొదట చూసింది

మొదటిసారి కాగితం, పెన్సిల్ బయటికి తీయలేదు. డబ్బా నిండా గుండీలు, సీసా మూతలు, రెండు పళ్లేలు, చుక్కల కార్డులు. అంతే. ఇది పరీక్ష అని బాబుకు అనిపించకూడదు. అమ్మ పక్కనే కూర్చోవచ్చు కానీ అందించకూడదు. "నిన్న చెప్పావు కదా నాన్నా" అనకుండా కూర్చోవడం ఏ అమ్మకైనా కష్టమే, ఆమె చాలావరకు ఓర్చుకున్నారు.

నోటి లెక్క వంద దాకా ఇంగ్లిష్‌లో ఆగకుండా వచ్చింది. తెలుగులో ఇరవై దాకా చెప్పాడు. "ఫార్టీ సెవెన్ తర్వాత నుంచి చెప్పు" అన్నాను. కాసేపు పైకి చూసి, 'వన్' నుంచి మొదలుపెట్టాడు. సంఖ్యల వరుస పిల్లల్లో ఎలా ఎదుగుతుందో కారెన్ ఫ్యూసన్ అనే పరిశోధకురాలు, ఆమె సహచరులు 1980లలో దశలుగా వివరించారు. మొదట మాటలన్నీ కలిసిపోయి ఒకే పాటలా ఉంటాయి. తర్వాత మాటలు విడతాయి కానీ ఎప్పుడూ మొదటి నుంచే చెప్పాలి. ఆ తర్వాత ఎక్కడి నుంచైనా అందుకోగలరు. ఇంకా ముందుకెళ్తే వెనక్కి కూడా నడవగలరు. బాబు రెండో దశలో ఉన్నాడు. వంద బదులు వెయ్యి దాకా నేర్పినా ఆ దశ మారదు, వరుస పొడవు పెరుగుతుందంతే.

తర్వాత ఎనిమిది గుండీలు వరుసగా పెట్టాను. ఒక్కోదాన్ని వేలితో తాకుతూ, ఏదీ వదలకుండా, ఏదీ రెండుసార్లు తాకకుండా ఎనిమిది దాకా లెక్కపెట్టాడు. "అయితే ఎన్ని గుండీలున్నాయి?" అని అడిగాను. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టాడు. "సరే, ఎన్ని మరి?" ఈసారి గుండీల వైపు చూడలేదు. నా మొహం చూసి "పది" అన్నాడు.

ఈ కేసు మొత్తం ఆ "పది"లోనే ఉంది. రోషెల్ గెల్మన్, రాండీ గాలిస్టెల్ 1978లో లెక్కపెట్టడం వెనక ఉండే అయిదు సూత్రాలు చెప్పారు. ఒక్కో వస్తువుకు ఒక్కటే మాట. మాటల వరుస ఎప్పుడూ అదే. చివర చెప్పిన మాటే మొత్తం ఎన్నో చెబుతుంది. ఏ వస్తువులనైనా ఇలాగే లెక్కపెట్టొచ్చు. ఎటు నుంచి మొదలుపెట్టినా మొత్తం మారదు. బాబుకు మొదటి రెండూ గట్టిగా వచ్చు. మూడోది లేదు. అతనికి "ఎనిమిది" అంటే చివరి గుండీ దగ్గర పలికే మాట. మొత్తం గుంపు పేరు కాదు.

దీన్ని ఖాయం చేసుకోవడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. డబ్బా ముందుపెట్టి "ఇన్ని ఇవ్వు" అనడమే. ఒకటి, రెండు, మూడు తడుముకోకుండా ఇచ్చాడు. నాలుగు ఒకసారి సరిగ్గా, ఒకసారి ఐదుగా వచ్చింది. ఏడు అడిగితే పిడికెడు తీసి పళ్లెంలో పోశాడు. లెక్కపెట్టే ప్రయత్నమే లేదు. కారెన్ విన్ 1990లో ప్రచురించిన పరిశోధనతో ఈ పరీక్ష బాగా తెలిసొచ్చింది. పిల్లలు ముందు "ఒకటి" ఇవ్వడం నేర్చుకుంటారు, కొన్ని నెలలకు "రెండు", ఇంకొన్ని నెలలకు "మూడు". ఆ తర్వాత లెక్కపెట్టడం దేనికో అర్థమై, తమకు వచ్చిన వరుసలో ఏ సంఖ్య అడిగినా ఇవ్వగలుగుతారు. చాలామందికి ఇది మూడున్నర, నాలుగేళ్ల ప్రాంతంలో జరుగుతుంది. కొందరికి ఆలస్యమవుతుంది. నోటి లెక్క బాగా వచ్చిన పిల్లల్లో ఈ ఆలస్యం ఎవరి కంటా పడదు. వంద చెప్పేవాడికి ఏడు తెలియదని ఎవరనుకుంటారు?

మిగతావి త్వరగా చెప్తాను. చుక్కల కార్డు క్షణం చూపించి దాచేస్తే మూడు దాకా ఠక్కున చెప్పాడు, పాచిక మీది అమరికలో అయితే ఐదు కూడా. ఇది మంచి గుర్తు. రెండు సమాన వరుసల్లో ఒకదాన్ని ఎడంగా జరిపితే "ఇందులో ఎక్కువ" అన్నాడు. పిల్లల ఆలోచన ఎలా ఎదుగుతుందో పరిశోధించిన మనస్తత్వవేత్త పియాజే చూపించిన పాత ప్రయోగం ఇది. అయిదేళ్ల పిల్లలు చాలామంది ఇలాగే అంటారు. దాన్ని కూర్చోబెట్టి నేర్పించాల్సిన అవసరం నాకెప్పుడూ కనిపించలేదు, నమోదు చేసి వదిలేశాను. మూడు, ఏడు అంకెలు అద్దంలో చూసినట్టు తిరగేసి రాస్తున్నాడు. ఈ వయసుకు మామూలే. అమ్మ మాత్రం దీని గురించే ఎక్కువ దిగులుపడుతున్నారు.

చివరగా కూడిక. "మూడు గుండీలు పెట్టు. ఇంకో రెండు పెట్టు. ఇప్పుడు అన్నీ లెక్కపెట్టు." చక్కగా ఐదు దాకా లెక్కపెట్టాడు. అదే కాగితం మీద 3 + 2 రాసి చూపిస్తే "సెవెన్" అన్నాడు. ఎందుకని అడిగితే "సెవెన్ బాగుంటుంది" అన్నాడు.

నా అంచనా ఇలా రాసుకున్నాను: కూడికలో లోపం లేదు. కూడడానికి కావలసిన సంఖ్యే ఇంకా చేతికి రాలేదు. మూడు దాకా సంఖ్య ఉంది, నాలుగు సగం ఉంది, ఆ పైన ఉన్నవి పేర్లే.

సాయంత్రాల్లో ఏం జరుగుతోంది

ఏదీ మార్చకుండా ఒక మామూలు సాయంత్రం మాటలు ఫోన్‌లో రికార్డ్ చేసి తెమ్మన్నాను. విన్నాక ఒకటి స్పష్టమైంది. అమ్మ మాట్లాడిన ప్రతి వాక్యం ఒక ప్రశ్న. ఎన్ని? ఎంత? తర్వాతేంటి? ఇదేంటి? జవాబు సరైతే "గుడ్", తప్పయితే "మళ్లీ లెక్కపెట్టు".

పిల్లాడి వైపు నుంచి ఆలోచిస్తే ఆ మొదటిరోజు జవాబు అర్థమవుతుంది. ఇప్పుడే లెక్కపెట్టాడు. వెంటనే పెద్దవాళ్లు "ఎన్ని?" అన్నారు. ఈ ఇంట్లో రెండోసారి అడిగారంటే మొదటిది తప్పని అర్థం. అందుకే మళ్లీ లెక్కపెట్టాడు. మూడోసారి కూడా అడిగితే లెక్కపెట్టడం పనిచేయడం లేదని తేల్చుకుని వేరే సంఖ్య ప్రయత్నించాడు. నాకైతే ఇందులో తెలివి తక్కువతనం ఏమీ కనిపించలేదు.

ఇంకో సంగతి. ఇంట్లో పెద్దవాళ్లు సంఖ్యలు అడుగుతున్నారే గానీ చెప్పడం లేదు. సూసన్ లెవిన్ బృందం 2010లో ఒక అధ్యయనం ప్రచురించింది. పిల్లలకు 14 నుంచి 30 నెలల వయసులో ఇంట్లో పెద్దలు ఎంతగా సంఖ్యలతో మాట్లాడారన్నదానికీ, 46 నెలల వయసులో ఆ పిల్లలకు సంఖ్యల అర్థం ఎంత తెలుసన్నదానికీ సంబంధం కనిపించింది. మరుసటి ఏడాది అదే బృందం ఇంకాస్త లోతుకు వెళ్లింది. కళ్లముందున్న వస్తువుల గురించి, అదీ నాలుగు నుంచి పది దాకా ఉన్న గుంపుల గురించి మాట్లాడటమే ఎక్కువగా ఉపయోగపడేలా ఉందని తేలింది. ఒకటి, రెండు, మూడు అయితే పిల్లలు చూపుతోనే పట్టేస్తారు. ఆ పైవాటికే మాట సాయం కావాలి.

రికార్డింగ్ విన్నాక అమ్మ ఇంకో మాట చెప్పారు. "నాకూ చిన్నప్పట్నుంచి లెక్కలంటే టెన్షనే మేడం. వీడు అలా కాకూడదనే రోజూ కూర్చోబెడుతున్నా." దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. 2015లో షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు ఒకటి, రెండు తరగతుల పిల్లల కుటుంబాలను చూశారు. లెక్కలంటే బాగా భయపడే తల్లిదండ్రులు హోంవర్క్‌లో తరచుగా సాయం చేసిన చోట, ఏడాది చివరికి పిల్లలు లెక్కల్లో తక్కువ నేర్చుకున్నారు, వాళ్లకూ భయం పెరిగింది. అంత భయం ఉన్నా, సాయానికి అంతగా కూర్చోని ఇళ్లలో ఈ తేడా కనిపించలేదు. దీనర్థం అమ్మ తప్పుకోవాలని కాదు. హోంవర్క్ బల్ల దగ్గర పాఠం చెప్పే పాత్ర ఆమెకు వద్దని మాత్రం అనిపించింది. పిల్లాడితో గడిపే మిగతా సమయమంతా ఎలాగూ ఆమె చేతిలోనే ఉంది.

అడగడం మాని, తెమ్మనడం

మొదటి మార్పు వర్క్‌షీట్లు ఆపడం. స్కూల్ నుంచి వచ్చినవి మాత్రం గుండీలు పెట్టుకుని చేయాలి, ఇబ్బంది పడితే ఎక్కడ పడ్డాడో అమ్మ పక్కన రాసి పంపాలి. క్లాస్ టీచర్‌తో మాట్లాడితే ఆమె వెంటనే ఒప్పుకున్నారు. యాప్ తీసేయమన్నాను. నాన్నకు అది కాస్త బాధగానే అనిపించింది.

రెండో మార్పు ఈ కేసుకు వెన్నెముక. "లెక్కపెట్టు", "ఎన్ని?" అనే మాటలు కొంతకాలం పక్కనపెట్టి, "ఇన్ని తీసుకురా" అనడం. ముందున్నవాటిని లెక్కపెట్టమంటే పిల్లాడు వరుస చెప్పుకుంటూ పోతాడు. వస్తువులు అయిపోయిన చోట వరుస దానంతటదే ఆగుతుంది. ఎక్కడ ఆపాలన్న నిర్ణయం అతనిది కాదు. తీసుకురమ్మంటే మాత్రం ఆపాల్సింది అతనే. ఆపాలంటే, చేరాల్సిన సంఖ్య గుర్తుంచుకోవాలి, ఇప్పటిదాకా ఎన్ని తీశాడో తెలియాలి, రెండూ ఒకటైన క్షణాన్ని పట్టుకోవాలి. చివరి మాటే మొత్తమని తెలియకుండా ఈ పని జరగదు. ఇంట్లో లెక్కల సాధనకు నన్ను ఒక్కటే చెప్పమంటే ఇదే చెప్తాను.

ఒక షరతు ఉంది. అడిగిన సంఖ్య కంటే ఎక్కువ వస్తువులు అక్కడ ఉండి తీరాలి. డబ్బాలో ఐదే స్పూన్లుంటే "ఐదు స్పూన్లు తే" అనడం వృథా, ఊడ్చి తెచ్చేస్తాడు. పన్నెండు, పదిహేను ఉండాలి. అమ్మ దీన్ని ఇంటిపనిలో కలిపేశారు. నాలుగు స్పూన్లు, ఐదు బట్టల క్లిప్పులు, బొమ్మల బుట్టలోంచి నాలుగు కార్లు. బల్ల దగ్గర కూర్చోవడం లేదు. ఒక్కో విన్నపానికి నిమిషం కూడా పట్టదు. రోజు మొత్తం మీద కలిపినా పది నిమిషాలకు మించదు.

మూడో మార్పు అమ్మ మాటతీరులో. వస్తువులు వచ్చాక ముందు మొత్తం చెప్పి, తర్వాత లెక్కపెట్టి, మళ్లీ మొత్తం చెప్పాలి. "నాలుగు క్లిప్పులు తెచ్చావు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. నాలుగు క్లిప్పులు." కెల్లీ మిక్స్ బృందం 2012లో మూడున్నరేళ్ల పిల్లలతో చేసిన పనిలో, మొత్తం పేరు చెప్పడమూ లెక్కపెట్టడమూ వెంటవెంటనే జరిగినప్పుడే ఫలితం కనిపించింది. వట్టిగా లెక్కపెట్టి వదిలేసినప్పుడు కనిపించలేదు. వినడానికి చాదస్తంగా ఉంటుంది. మొదట్లో అమ్మకు నవ్వొచ్చేది. వారం తిరక్కుండా అలవాటైపోయింది.

నాలుగు త్వరగానే స్థిరపడింది, ఐదు కూడా. ఆరు దగ్గర బండి ఆగింది. ఒకటి, రెండు అంటూ తీయడం మొదలుపెడుతున్నాడు, బాగానే ఉంది. ఆరు దాటి ఏడు, ఎనిమిది అంటూ పళ్లెం నిండేదాకా పోతున్నాడు. అమ్మ పంపిన వీడియో చూస్తే కారణం దొరికింది. మూడో వస్తువు దగ్గరికి వచ్చేసరికి ఎన్ని కావాలన్నారో మరిచిపోతున్నాడు. "ఎన్ని తేవాలి నాన్నా?" అని మధ్యలో అడిగితే ఖాళీ చూపు. తీయడం, చెప్పడం, గుర్తుంచుకోవడం, మూడూ ఒకేసారి చేయడం అయిదేళ్ల జ్ఞాపకశక్తికి పెద్ద బరువు. అందుకని 6 అని రాసిన కార్డు పళ్లెం పక్కన పెట్టమన్నాను. అంకెలు గుర్తుపట్టడం అతనికి ముందే వచ్చు కదా. ఆ కార్డు చూస్తూ, ఒక్కోటి తీస్తూ, ఆరు అనగానే కార్డు వైపు చూసి ఆగాడు. కొన్నాళ్లకు ఏడు అడిగితే ఇచ్చాడు. అదేరోజు నాన్న ఊరికే తొమ్మిది అడిగితే అదీ ఇచ్చాడు. ఎనిమిది ఎవరూ నేర్పలేదు. విన్ చెప్పిన క్రమం ఇదే: ఆ సూత్రం పట్టుబడితే సంఖ్యలు ఒక్కొక్కటిగా రావు, కలిసే వస్తాయి. ఎన్నిసార్లు చూసినా నాకు ఇది ముచ్చటగానే ఉంటుంది.

కార్డు తర్వాత తీసేశాం. కొద్దిరోజులు పెదవులు కదుపుతూ "ఏడు, ఏడు" అని గొణుక్కునేవాడు. ఆపొద్దని చెప్పాను. వేళ్లు ముడిచి లెక్కపెట్టుకోవడం కూడా ఆపొద్దన్నాను. వేళ్లు వాడితే అలవాటైపోతుందని పెద్దలు భయపడతారు. ఈ వయసులో చేతులే అతని దగ్గరున్న అన్నిటికంటే మంచి పనిముట్టు.

సరిచూసేది ఎవరు

రికార్డింగ్‌లో "గుడ్", "మళ్లీ లెక్కపెట్టు" రెండూ అమ్మవే. జవాబు సరైందో కాదో ఎప్పుడూ అమ్మ మొహంలోనే వెతుక్కోవడం బాబుకు అలవాటైంది. దీన్ని మార్చడానికి రెండు పనులు చేశాం.

ఒకటి పది గడుల కాగితం. ఐదేసి గడులతో రెండు వరుసలు, పుస్తకంలో ఓ పేజీ అంత. తెచ్చిన వస్తువులు గడికొకటి చొప్పున పై వరుస ఎడమవైపు నుంచి పెడతాడు. ఏడైతే పై వరుస నిండి కింద రెండుంటాయి. అమ్మ ఏమీ అనక్కర్లేదు. కొన్నాళ్లకు లెక్కపెట్టకుండానే "ఐదు, రెండు, ఏడు" అనడం మొదలుపెట్టాడు. ఇది కూడికే అని ఎవరూ అతనికి చెప్పలేదు. పదికి ఎన్ని తక్కువో కూడా ఖాళీ గడులు చూపిస్తాయి, అది తర్వాత పనికొచ్చింది.

రెండోది నాన్న తప్పులు. నాన్నకు ఏదో ఒక పని ఇవ్వాలి, యాప్ పోయిన బాధ ఇంకా ఉంది. కళ్లజోడు సరిచేసుకుంటూ చాలా గంభీరంగా తప్పుగా లెక్కపెట్టడం ఆయన పని. ఒక గుండీ వదిలేస్తారు. ఒకదాన్ని రెండుసార్లు తాకుతారు. ఆరు దాకా లెక్కపెట్టి "కాబట్టి తొమ్మిది" అంటారు. మధ్యలో ఒకసారి, తప్పు కానిది కూడా చేయమన్నాను: కుడి చివర నుంచో, మధ్యలోంచో మొదలుపెట్టి అన్నీ సరిగ్గా లెక్కపెట్టడం. ఒకటి వదిలేస్తే బాబు మొదటిరోజే పట్టేశాడు. "కాబట్టి తొమ్మిది" దగ్గర మాత్రం కొన్నాళ్లు ఊరుకున్నాడు. ఏడు ఇవ్వడం వచ్చిన తర్వాత ఒకరోజు ఎగిరి గంతేసి "కాదు నాన్నా, ఆరు అన్నావుగా, ఆరే!" అన్నాడట. ఆ రాత్రి నాన్న నాకు ఫోన్ చేశారు. మధ్య నుంచి మొదలుపెట్టడాన్ని మాత్రం బాబు చాలాకాలం తప్పనే అనేవాడు. అయిదో సూత్రం చివరికే వస్తుంది. తొందర పెట్టలేదు.

బోర్డు ఆట

వరుసను మధ్యలో అందుకోవడం, అంటే ఫార్టీ సెవెన్ దగ్గర ఆగిపోయిన సమస్య, ఇంకా అలాగే ఉంది. కాగితం మీది కూడికకు అది కావాలి. 5 + 2 అంటే ఐదు దాకా మళ్లీ లెక్కపెట్టుకుంటూ రాకుండా ఐదు నుంచి రెండు అడుగులు వేయగలగాలి.

దీనికి వాడింది ఒకే వరుసలో 1 నుంచి 10 దాకా గడులున్న బోర్డు. గీతా రమణి, రాబర్ట్ సీగ్లర్ 2008లో ఇలాంటి బోర్డుతో పేద కుటుంబాల నుంచి వచ్చిన చిన్నపిల్లలను ఆడించారు. పావుగంట చొప్పున నాలుగుసార్లు ఆడితేనే సంఖ్యల్లో ఏది పెద్దదో పోల్చడం, గీత మీద సంఖ్య ఎక్కడుంటుందో అంచనా వేయడం లాంటివి మెరుగయ్యాయి. సంఖ్యలు లేకుండా రంగులు మాత్రమే ఉన్న బోర్డు ఆడిన పిల్లల్లో ఆ మార్పు రాలేదు. గుండ్రటి బోర్డు కూడా తిన్నటి వరుస అంతగా పనిచేయదని వాళ్లే తర్వాత చూపించారు. మెలికలు తిరిగే బోర్డులు సరదాకు బాగుంటాయి. ఈ పనికి మాత్రం తిన్నటి వరుసే కావాలి.

పాచిక బదులు 1, 2 మాత్రమే వచ్చే చక్రం చేసుకున్నాం. ఆటలో ఒకే నియమం: పావు జరిపేటప్పుడు "ఒకటి, రెండు" అనకూడదు, దిగిన గడిలోని సంఖ్య చెప్పాలి. నాలుగులో ఉండి రెండు పడితే "ఐదు, ఆరు". ఈ చిన్న తేడా వట్టి పట్టింపులా కనిపిస్తుంది కానీ అసలు పని అదే చేస్తుంది. లాస్కీ, సీగ్లర్ 2014లో దీన్ని విడిగా పరీక్షించారు, గడిలోని సంఖ్య చెబుతూ ఆడిన పిల్లలే ఎక్కువ నేర్చుకున్నారు.

బాబు మొదట చేసిన పొరపాటు అందరు పిల్లలూ చేసేదే. నాలుగులో నిలబడి, ఉన్న గడినే మొదటి అడుగుగా తీసుకుని "నాలుగు, ఐదు" అనడం. దీన్ని వివరిస్తే బుర్రకెక్కదు. పావును గాల్లోకి ఎత్తి, అవతలి గడిలో టక్‌మని చప్పుడు చేశాకే నోరు తెరవాలని అమ్మ పెట్టిన పద్ధతి పనిచేసింది. ఆ చప్పుడు ఆమె ఆలోచనే. ఇప్పుడు వేరే కుటుంబాలకు కూడా అదే చెప్తున్నాను.

పది దాకా ఆట చప్పబడ్డాక 11 నుంచి 20 దాకా ఇంకో పట్టీ అతికించాం. ఇక్కడ భాష అడ్డొచ్చింది. ఇంగ్లిష్‌లో థర్టీన్, థర్టీ అతని చెవికి ఒకటే. స్కూల్లో ఇంగ్లిష్, ఇంట్లో తెలుగు ఉన్న పిల్లల విషయంలో నేను చేసేది ఒకటే: కొత్త ఆలోచనను ఇంటి భాషలో స్థిరపరచి, ఆ తర్వాత రెండో భాషలో పేర్లు అంటించడం. ఏడు ఇవ్వడం తెలుగులో వచ్చాక "గివ్ మీ సెవెన్" కోసం మళ్లీ మొదటి నుంచి కష్టపడలేదు. పదమూడు అంటే నిండిన పది గడుల కాగితం, ఇంకో మూడు. కాగితాలు పక్కపక్కన పెట్టి చూపిస్తే 13, 30 అతను కలిపేసుకోలేదు. పేర్లు చెప్పడంలో ఇప్పటికీ తడబడతాడు.

ప్లస్ గుర్తు దగ్గరికి

ఇంతవరకూ ఎక్కడా ప్లస్ గుర్తు రాయలేదు. అమ్మ అడుగుతూనే ఉన్నారు, నేను "ఇంకొన్నాళ్లు" అంటూనే ఉన్నాను.

మొదట కప్పు ఆట ఆడించాం. ఐదు గుండీలు చూపించి, కొన్ని కప్పు కింద దాచి, బయట మూడుంటే లోపలెన్నో చెప్పమనడం. కప్పు ఎత్తగానే జవాబు తెలిసిపోతుంది, ఇక్కడా సరిచూసేది అతనే. ఐదుతో బాగా కుదిరాక ఆరు, ఏడు. పది మాత్రం పది గడుల కాగితంతోనే. ఐదును అన్ని రకాలుగా విడదీయడం వచ్చిన పిల్లాడికి ఐదు లోపు కూడికలూ తీసివేతలూ వేరే పాఠాలు కావు. నాన్న తీసివేత ఎప్పుడని అడిగినప్పుడు, అది ఇప్పటికే నడుస్తోందని ఈ ఆటే చూపించాను.

ఆ తర్వాతే 3 + 2 రాశాం, అదీ అప్పుడే కప్పుతో ఆడిన ఆటను "ఇప్పుడు జరిగింది రాద్దాం" అంటూ. గుర్తు ఆట వెనకాల వచ్చింది. బాబు చూసి "ఇది స్కూల్‌ది కదా" అన్నాడు కొంచెం అనుమానంగా. జవాబు రాశాడు. ఐదే.

కేసు ఇప్పుడున్న చోటు

టర్మ్ చివర మళ్లీ కూర్చోబెట్టి చూశాను. పది లోపు ఏ సంఖ్య అడిగినా ఇస్తున్నాడు. లెక్కపెట్టాక "ఎన్ని?" అంటే మళ్లీ లెక్కపెట్టకుండా చెబుతున్నాడు. నేను కావాలని రెండోసారి అడిగితే "చెప్పా కదా" అన్నాడు, మొహం చూడలేదు. ఐదు లోపు కూడికలు వస్తువులు లేకుండా, పది లోపువి వేళ్లతో చేస్తున్నాడు. బోర్డు మీద ఉన్నచోటు నుంచి ముందుకు లెక్కపెడతాడు కానీ కాగితం మీద 6 + 2 ఇస్తే ఇంకా ఒకటి నుంచే మొదలుపెడతాడు. ఇది కొన్ని నెలలు ఉంటుందని అనుకుంటున్నాను, దాని కోసం ప్రత్యేకంగా ఏమీ చేయొద్దన్నాను. మూడు ఇప్పుడు సరైన వైపే రాస్తున్నాడు, ఏడు ఇంకా తిరగబడే ఉంది.

అమ్మ అడిగిన ఒక ప్రశ్న చాలామంది అడిగేది: ఇది డిస్‌కాల్క్యులియానా? డిస్‌కాల్క్యులియా అంటే లెక్కలు నేర్చుకోవడంలో ఉండే ప్రత్యేక ఇబ్బంది. అది సుమారు 5 నుంచి 7 శాతం మంది పిల్లల్లో ఉంటుందని అంచనా. యూకేజీ వయసులో ఆ ముద్ర వేయడం తొందరపాటు. ఈ బాబు విషయంలో ఆ అనుమానానికి తావు తక్కువ. చిన్న గుంపుల్ని చూపుతో పట్టగలిగాడు, సరైన సాధన దొరకగానే కదిలాడు. మూడు చుక్కల్ని కూడా ప్రతిసారీ లెక్కపెట్టాల్సి వస్తున్నా, నెలల తరబడి ఇలాంటి ఆటలు ఆడినా నాలుగు దాటకపోయినా నేను నిపుణుల దగ్గరకు పంపేదాన్ని.

వర్క్‌షీట్లు స్కూల్‌వి మాత్రమే వస్తున్నాయి. రికార్డింగ్ మళ్లీ ఒకసారి తెప్పించుకుని విన్నాను. ప్రశ్నలు సగానికి పైగా తగ్గాయి, "గుడ్" ఇంకా చాలానే ఉన్నాయి. తర్వాతి సెలవుల్లో చూడాల్సినవి మూడు: పది నుంచి వెనక్కి లెక్కపెట్టడం, పదికి ఎన్ని తక్కువో కాగితం చూడకుండా చెప్పడం, 29 తర్వాత ఏమొస్తుందో. మూడోది నోటి లెక్కలో అలవోకగా చెప్పేస్తాడు. విడిగా అడిగితే ఇప్పటికీ "ట్వెంటీ టెన్" అంటున్నాడు. దానికి రెండు నిండిన పది గడుల కాగితాలు, తొమ్మిది గుండీలున్న మూడో కాగితం, చేతిలో ఇంకో గుండీ ఇచ్చి మొదలుపెట్టమన్నాను.